బంజరు అని వ్రాయబడిన నేలలు

ఏటేట తొలకరి వానలు పడగానే మన పాఠశాలలలో వనమహోత్సవము జరుగును. 1950లో అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి కె. ఎం. మున్షీ ప్రారంభించిన ఈ పండుగ వలన, చెట్టు నాటుట పుణ్యకార్యమను భావము పిల్లల మనస్సులలో నాటుకొన్నది. అది మంచిదే. కాని ప్రకృతి సంరక్షణకై పాటుపడు శాస్త్రజ్ఞులే కొన్ని చోట్ల రంపములు పట్టించి, తాతల కాలమున నాటిన తోటలను పనిగట్టుకొని నరికించుచున్నారని చెప్పినచో విద్యార్థులు నమ్ముదురా? ఇంగ్లండు, స్కాట్లండులలో ఇది ముప్పది యేండ్లకు పైగా జరుగుచున్నది. మన దక్షిణదేశపు నీలగిరులలోను జరుగుచున్నది. ఇట్లేల చేయుచున్నారో తెలియవలెనన్న చెట్టును చూచిన చాలదు. ఆ చెట్టు నాటక పూర్వము ఆ నేలను కాగితముల మీద ఏమని వ్రాసిరో చూడవలెను. అట్లు చూచినపుడు ఈ కథ మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల తీరమునకు కూడ చెందినదని తేలును.

భోగాపురము మొదలు ఇచ్ఛాపురము వరకు మన తీరము వెంట నడచిన వారికి ఒక అమరిక కనబడును. సముద్రమును ఆనుకొని ఇసుకదిబ్బల వరుస. దాని వెనుక, చాల చోట్ల, ఒక పల్లము. పల్లమునకు అవతల మెరక, వరిచేలు, కొబ్బరి జీడిమామిడి తోటలు. అంతకు పైన తూర్పుకనుమల నీలిగీత. కొండల నుండి దిగిన వాగునీరు కడలికి పోవు త్రోవలో దిబ్బ అడ్డు తగిలి పల్లములో పరచుకొని నిలుచును. మంచినీరు నిలిచెడి ఇట్టి పల్లమును సోంపేట, కవిటి ప్రాంతములలో ‘బీల’ అందురు. పోటునీరు చేరి ఉప్పదనము కలిసెడి పల్లమును టెక్కలి, నౌపడ వైపు ‘తంపర’ అందురు. బీల నీటితో చుట్టుపట్ల వరి పండును. అందులో చేపలు పట్టుదురు. నీరు తీసిన నెలలలో పశువులు మేయును. తంపర అంచున నౌపడ ఉప్పు పండును. ఈ పల్లములలో చెట్టన్నది అరుదు. తుంగ, జమ్ము, గడ్డి, కలువ, బురద, నీరు, ఇంతే. దిబ్బల మీద సైతము సహజముగా పెరుగునవి పెద్ద చెట్లు కావు. అలల దాపున ఊదారంగు పూల అడుంబు తీగ ఇసుకను అల్లుకొని పాకును. దాని వెనుక, పిల్లలు గాలికి దొరలించి ఆడుకొను ‘రావణాసురుని మీసము’ అను ముళ్ల గడ్డి. ఇంకను లోపల మొగలి పొదలు.

జనము నాలుక మీద ఈ నేలలకు ఇన్ని పేర్లుండగా, దస్త్రములలో ఒకే పేరుండెడిది. 1802 ప్రాంతమున గంజాము, విశాఖపట్టణము జిల్లాలలో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చినది. విజయనగరము, బొబ్బిలి, పర్లాకిమిడి, టెక్కలి, మందస మొదలైన జమీందారీల క్రింద ఏ భూమి ఎంత శిస్తు తెచ్చునన్నదే లెక్క. శిస్తు తేనిది బంజరు. 1948 చట్టముతో జమీందారీలు పోయినవి. భూములను రైత్వారీ పద్ధతిలో కొలిచి కొత్త దస్త్రములు వ్రాసినారు. కాని ‘బంజరు’, ‘పోరంబోకు’ అను మాటలు పోలేదు. ఇక్కడ ఒక విషయము గమనింపవలెను. బంజరు అన్నది ఆ నేల జీవమును గురించి చెప్పిన మాట కాదు, ఖజానాను గురించి చెప్పిన మాట. అయినను వినగా వినగా అది నేల గుణమే అన్నట్లు చెలామణి అయినది. ఖాళీ అని వ్రాసిన చోట ఏదో ఒకటి పెట్టవలెనని పాలకునికి తోచుట సహజము. అట్లు పెట్టిన వానిలో మొదటిది చెట్టు.

మన తీరమున ఆ చెట్టు సరుగుడు. దీనిని సరివి అనియు, చౌకు అనియు అందురు. సూదుల వంటి ఆకులను చూచి దేవదారు జాతి అనుకొనువారు కలరు. అది పొరపాటు. ఆ పచ్చని సూదులు ఆకులు కావు, కణుపులున్న సన్నని కొమ్మలు. అసలు ఆకులు ఆ కణుపుల వద్ద కంటికి ఆనని పొలుసులుగా మిగిలినవి. ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా, పసిఫిక్ దీవుల తీరములు దీని పుట్టిల్లు. పంతొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున రైలింజన్లకు కట్టెలు కావలసి వచ్చినపుడు మద్రాసు రాష్ట్రపు ఇసుకనేలలలో దీనిని విరివిగా నాటసాగిరి. వేళ్ల బుడిపెలలో నివసించు ఫ్రాంకియా అను సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చుట వలన, ఎరువు లేని ఇసుకలో కూడ ఇది ఏపుగా ఎదుగును. రైలింజన్లు బొగ్గుకు మారినను సరుగుడు నిలిచినది. వంటచెరకు, ఇండ్ల వాసములు, పందిరి గుంజలు, తరువాత కాగితపు గుజ్జు, తుపానుగాలికి అడ్డు అను పేర ఒకదాని వెంట ఒకటి కొత్త పని దొరకినది.

ఇంతవరకు ఇది విజయగాథ వలెనే ఉన్నది. దాని రెండవ అధ్యాయము చూచుటకు మన తీరము విడిచి నీలగిరులకు పోవలెను. ఆ కాలమున గంజామును, విశాఖపట్టణమును, నీలగిరులను ఏలినది ఒకే మద్రాసు ప్రభుత్వము. నేలను చూచిన కన్నును ఒకటే. అక్కడి ఫలితములను మాత్రము శాస్త్రజ్ఞులు మన తీరము కంటె ఎక్కువ కాలము, ఎక్కువ శ్రద్ధతో కొలిచినారు.

నీలగిరుల పై మైదానములు సుమారు రెండు వేల మీటర్ల ఎత్తున ఉన్నవి. అక్కడ కొండ వంపులలో, వాగుల మడతలలో ‘షోలా’ అను పొట్టి అడవులు దట్టముగా పెరుగును. మిగిలిన గుట్టలన్నిటిని గడ్డి కప్పి ఉండును. గుట్టల అడుగున నీరు ఊరెడి చోట నల్లని మెత్తని చిత్తడి. తోడ జాతివారు తరతరములుగా ఈ గడ్డిలో గేదెలను మేపుకొనుచు, చిత్తడి గడ్డితో తమ గుళ్లను కప్పుకొనుచు ఉన్నారు. దొరలు ఈ దృశ్యమును చూచి మెచ్చుకొన్నారు. తమ దేశపు కొండలవలె ఉన్నదన్నారు. పిదప చలికి కట్టెలు చాలవన్నారు. ఆస్ట్రేలియా తుమ్మ జాతులైన వాటిల్ చెట్లు 1840 ప్రాంతమున, నీలగిరి తైలమిచ్చు యూకలిప్టస్ 1843లో ఇక్కడికి వచ్చినవి. ‘నీలగిరి తైలము’ అని మనము ఇంటింట పిలుచు నూనె నీలగిరులకు పరాయిదగుట వింతయే కదా! స్వాతంత్ర్యము తరువాత తోళ్లు ఊనుటకు వాటిల్ బెరడు, రేయాన్ నూలుకు కలప కావలెనని ప్రణాళికల కాలమున ఈ తోటలు మరింత విస్తరించినవి. గడ్డిగుట్టలు దస్త్రములలో ఉపయోగములేని నేలలుగా ఉండెను గనుక అడిగినవారు లేరు. పక్కనున్న పళని కొండలలో సుమారు నాలుగు దశాబ్దులలో గడ్డినేలలు మూడింట రెండు వంతులు పోయినవని, ముఖ్యముగా తోటలకు, సేద్యమునకు పోయినవని, ఉపగ్రహ చిత్రముల ఆధారముతో 2018లో ప్రకటించిన పరిశోధన చెప్పినది.

గడ్డి పోయి చెట్టు వచ్చిన నష్టమేమి? మొదటి సమాధానము నీటి నుండి వచ్చినది. ఉదకమండలములోని భూసార సంరక్షణ పరిశోధన కేంద్రము వారు గ్లెన్ మోర్గాన్ వద్ద ఒకదానినొకటి పోలిన రెండు చిన్న వాగు పరీవాహకములను ఎన్నుకొని 1968 నుండి నీటిని కొలిచినారు. కొన్నేండ్లు రెంటిని గడ్డిగానే ఉంచి, 1972లో ఒకదానిలో సగమునకు మించిన భాగమున యూకలిప్టస్ నాటినారు. రెండవ దానిని ముట్టలేదు. పదేండ్లలో, చెట్లు నాటిన వాగున ఏటి నీటి రాబడి సుమారు 16 శాతము తగ్గినది. చెట్లు కొట్టి మోడుల నుండి చిగుర్చనిచ్చిన రెండవ దఫాలో తగ్గుదల సుమారు 25 శాతమునకు చేరినది. ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగిన ప్రయోగమిది. ముట్టని వాగును పక్కన ఉంచుకొని పోల్చుటలోనే దీని బలమంతయు ఉన్నది. గడ్డివేరు పైపొరలోని నీటిని మాత్రమే త్రాగి, ఎండకాలమున వాడి, మిన్నకుండును. యూకలిప్టస్ వేరు లోతునకు పోయి ఏడాది పొడుగున త్రాగును. వర్షపు చినుకులలో కొంత భాగము దాని ఆకుల మీదనే ఆవిరియగును. వానకాలమున నేలలో దాగి వేసవిలో మెల్లగా ఊరవలసిన నీరు అట్లు పైకి పోవును. చిత్తడి ఎండును.

చెట్ల పక్షము వహించినవారికి ఇంకొక వాదన ఉండెను. ఈ గుట్టలు ఒకనాడు అడవులే, మానవుడు నరికి తగులబెట్టుట వలన గడ్డి అయినవి, కావున చెట్లు నాటుట పాత అప్పు తీర్చుటయే అని. విన సొంపైన వాదన. దీనిని తేల్చినది ఆ చిత్తడి నేలయే. నీరు నిలిచిన చోట గాలి ఆడదు. గాలి ఆడని చోట చచ్చిన మొక్క పూర్తిగా కుళ్లదు. పొరమీద పొరగా పేరుకొని నల్లని ‘పీట్’ అగును. అడుగున ఉన్న పొర పాతది, పైనున్నది కొత్తది. ఎవరును తెరవని దినచర్య పుస్తకము వంటిది. అందులోని కర్బనము మొక్కల జాతిని చెప్పగలదు. చెట్లు, ఉష్ణదేశపు గడ్డిలో పెక్కు జాతులు, గాలి నుండి కర్బనమును వేర్వేరు రసాయన మార్గములలో గ్రహించును. గడ్డి మార్గములో కర్బనము-13 అను కొంచెము బరువైన పరమాణువు పాలు ఎక్కువగా నిలుచును. పీట్ పొరలలో ఆ పాలు ఎంతో కొలిచినచో ఆ కాలమున గుట్టల మీద ఏమి పెరిగెనో తెలియును. ఆర్. సుకుమార్, ఆర్. రమేశ్ మొదలైన శాస్త్రజ్ఞులు నీలగిరి పీట్ ను ఇట్లు పరీక్షించి 1993లో ఫలితములు ప్రకటించిరి. వెనుకకు ఇరువది వేల సంవత్సరముల వరకు చదివినారు. మంచుయుగపు చలి, పొడి ఉధృతముగా ఉన్న కాలమున అచట గడ్డిదే రాజ్యము. వానలు పెరిగినపుడు చెట్లు పెరిగినవి. మరల తగ్గినపుడు గడ్డి వ్యాపించినది. అనగా సేద్యము చేయు మానవుడు ఆ కొండలెక్కుటకు వేల యేండ్లకు ముందే గడ్డి అచట ఉన్నది. అది అడవి శవము కాదు. దానికదే ఒక ప్రాచీన కుటుంబము. వరయాడు అను కొండమేక, పండ్రెండేండ్లకొకసారి గుట్టను నీలిరంగుతో కప్పెడి కురింజి పొద ఆ కుటుంబములోనివి.

అందుచేత ఇప్పుడు చెట్లను తీయుచున్నారు. మద్రాసు హైకోర్టు ఆదేశించినది. 2022లో తమిళనాడు ప్రభుత్వము పరదేశపు దురాక్రమణ మొక్కల విషయమై ఒక విధానమే ప్రకటించినది. కాని నాటుట ఒక రోజు పని, తీయుట ఒక తరము పని. వాటిల్ గింజ గట్టి తొడుగుతో నేలలో దశాబ్దుల తరబడి నిద్రించును. చెట్టు కొట్టి ఎండ తగలనిచ్చినను, నిప్పు సోకినను, అన్నియు ఒక్కసారి మేల్కొని కాలు పెట్ట సందులేకుండ మొలచును. పిల్ల మొక్కలను చేత పీకుచు ఏండ్ల తరబడి అదే గుట్ట చుట్టు తిరుగవలెను. మరొక చిక్కు. పాతబడిన కొన్ని తోటల నీడలో షోలా మొక్కలు తమంతట తాము మొలకెత్తుచున్నవి. అట్టి చోట గంపగుత్తగా నరుకుట తెలివి కాదని కొందరు శాస్త్రజ్ఞులు వారించుచున్నారు. గడ్డికి గడ్డి, అడవికి అడవి అని గుట్ట గుట్టకు వేరు నిర్ణయము కావలెను. ఈ వాదము ఇంకను ముగియలేదు.

పీట్ ప్రసక్తి వచ్చినది గనుక, దానికి పేరెన్నికగన్న స్కాట్లండు సంగతి కూడ చూతము. ఆ దేశపు ఉత్తరాగ్రమున ‘ఫ్లో కంట్రీ’ అను విశాలమైన చిత్తడి కలదు. చెట్టు లేక, వానతో తడిసి, స్ఫాగ్నమ్ అను నాచు వేల యేండ్లుగా పేర్చిన పీట్ మీద అది నిలిచినది. మొదటి ప్రపంచయుద్ధమున కలపకై కటకటలాడిన బ్రిటను 1919లో అడవుల కమిషను నెలకొల్పి, ‘పనికిరాని’ హీత్ పొదల మైదానములను, చిత్తడులను కలప తోటలుగా మార్చజొచ్చినది. హీత్ అన్నది ముళ్ల తుప్పలు, ఊదాపూల చిట్టిపొదలు గల నిస్సార భూమి. గొర్రెలు మేసి, కట్టెలు కొట్టి జనము వాడుకొన్నంత కాలము అది చెట్లకు లొంగక నిలిచినది. 1980 దశాబ్దిలో ఆదాయపు పన్ను తప్పించుకొను వీలు దొరకినందున, చెట్టు ముఖమెరుగని ధనికులు సైతము ఫ్లో కంట్రీలో పెట్టుబడి పెట్టిరి. పీట్ ను నాగళ్లతో చీల్చి, నీరు తీయుటకు కాలువలు త్రవ్వి, అమెరికా నుండి తెచ్చిన స్ప్రూస్, పైన్ జాతులను వేల హెక్టార్లలో నాటిరి. ప్రజలలో పెద్ద అలజడి లేచిన మీదట 1988 బడ్జెటులో ఆర్థికమంత్రి నైజెల్ లాసన్ ఆ పన్ను సదుపాయమును ఎత్తివేసినాడు. నాటుట దాదాపు ఆగినది.

1995లో పక్షి సంరక్షణ సంఘము వారు ఫోర్సినార్డ్ అను చోట భూమి కొని, తోటలు నరికి, కాలువలకు పీట్ తోనే అడ్డుకట్టలు వేయ మొదలిడిరి. చెట్టు నరికినంత మాత్రమున చిత్తడి తిరిగి రాదని వారికి త్వరలో తెలిసినది. చాళ్లను కూడ పూడ్చి నేలను చదును చేసి, నీటిమట్టము పైకి తెచ్చిన తరువాతనే నాచు మరల పాకినది. ఇంత శ్రమ పిట్టల కొరకేనా? కాదు. పీట్ నేలలు భూతలములో సుమారు మూడు శాతమే అయినను, లోకములోని అడవుల చెట్లన్నిటి కంటె ఎక్కువ కర్బనము వానిలో దాగి ఉన్నది. నీరు తీసినచో అది గాలి సోకి బొగ్గుపులుసు వాయువుగా పైకి పోవును. గాలిని శుభ్రపరచునని నాటిన చెట్టు, తన కాలి క్రింది నిధిని తానే కరిగించినట్లగును. 2024 జూలైలో మన ఢిల్లీ నగరమున జరిగిన సమావేశములో యునెస్కో వారు ఫ్లో కంట్రీని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినారు.

తిరిగి మన తీరమునకు వత్తము. మన దేశములో 1985లో బంజరు భూముల అభివృద్ధి మండలి ఏర్పడి, ఏటా యాబది లక్షల హెక్టార్లలో చెట్లు పెంపవలెనని లక్ష్యము పెట్టుకొన్నది. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ 2000లో దేశపు బంజరు భూముల పటసంపుటమును తయారుచేసినది. పటములు చక్కనివి, పని శ్రమకోర్చినది. కాని అందులో బంజరు రకముల జాబితా చదువుడు: పొదలున్న నేల, చిత్తడి నేల, తీరపు ఇసుక, చివరకు మంచు కప్పిన శిఖరములు కూడ! హిమాలయ శిఖరమును ఎవరును దున్నబోరు గనుక అక్కడ ఈ మాట వలన నష్టము లేదు. బీలకు, దిబ్బకు నష్టము కలదు.

అది ఎట్టిదో సోంపేట వారికి అనుభవమైనది. బీల నేలలలో 2640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రము కట్టుటకు ఒక సంస్థకు 2009లో కేంద్రపు పర్యావరణ అనుమతి లభించినది. ఆ నేల నిరుపయోగమైనదన్నది ఆ ప్రతిపాదనకు ఆధారము. బీల మీద బ్రదుకు రైతులు, మత్స్యకారులు ఎదురు తిరిగినారు. 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. అదే నెలలో అప్పటి జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ, అది నీటినేలయని గుర్తించి, అనుమతిని రద్దు చేసినది. పల్లెవారు బీల అని పిలిచిన దానికి చట్టము ‘చిత్తడి నేల’ అని పేరు పెట్టుటకు ఇంత వెల చెల్లింపవలసి వచ్చినది. ఆ సంవత్సరము డిసెంబరులోనే చిత్తడి నేలల రక్షణకు దేశమున తొలి ప్రత్యేక నియమములు వెలువడినవి. మన రాష్ట్రములోనే కొల్లేటిలో 2006లో చేపల చెరువుల గట్లను తెగగొట్టి సరస్సును విడిపింపవలసి వచ్చుట చాలమంది ఎరుగుదురు. అక్కడ చెట్టు బదులు గట్టు; కథ అదే. చెడిపోయిన తరువాత బాగుచేయుట కంటె సోంపేట బీల వలె ముందే నిలుపుకొనుట ఎంతయో చవుక.

ఇక దిబ్బల మీది సరుగుడు మాట. నీలగిరిలో వలె దీనిని కూడ తీసివేయవలెనా? నా మట్టుకు నేను అంత దూరము పోను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దాపున తీరము దాటి, ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను నేలమట్టము చేసిన తరువాత, ఊరికి గాలి అడ్డు వద్దని చెప్పుటకు ఎవరికి నోరాడును? సరుగుడు చాల కుటుంబములకు కట్టె, కూలి, పంట. అయితే ఊరి వెనుక సరుగుడు వేరు, అలల అంచున సరుగుడు వేరు. చలికాలపు చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ ఒడ్డెక్కి, మెత్తని ఇసుకలో గుంట త్రవ్వి గ్రుడ్లు పెట్టి పోవును. అలల దాక నాటిన తోటలో వేళ్లు గుంట త్రవ్వనీయవు. నీడ ఇసుకను చల్లబరచును. తాబేలు పిల్ల ఆడదో మగదో నిర్ణయించునది ఇసుక వేడి: వేడి ఎక్కువైన ఆడవి, తక్కువైన మగవి. కనుక నీడ కూడ చిన్న విషయము కాదు. ఉత్తర తమిళనాడు తీరమున జరిగిన పరిశీలనలు అలల దాపు సరుగుడు తాబేళ్లకు అడ్డగునని చూపినవి. పైగా ముందువరుస దిబ్బకు స్వయముగా ఒక పని ఉన్నది. తుపానున అల కొట్టినపుడు అది కరిగి, ఆ ఇసుకతోనే తరువాతి నెలలలో మరల పేరుకొనును. అడుంబు, రావణాసురుని మీసము ఆ కదలికతో పాటు కదలగల మొక్కలు. దిబ్బ కడుపులో నిలిచిన వాననీరే సముద్రపు ఒడ్డున మత్స్యకారులు తీయు తియ్యని చెలమనీరు. ముందువరుసను తీగలకు వదలి, సరుగుడును ఊరివైపునకు జరిపి, బీలలో తంపరలో చెట్టు నాటకుండుట, నాకు న్యాయముగా తోచిన హద్దు. కొత్తగా నాటునపుడు ఈ హద్దు పాటించుటకు ఏ రంపము అక్కరలేదు.

తీరమునకు దాపున ఉన్న పాఠశాలల వారు ఈ భేదమును స్వయముగా చూడవచ్చును. సరుగుడు తోట అంచున నిలిచి నేలను చూడుడు. తోటలో ఎండు సూదుల పరుపు క్రింద ఇసుక కనబడదు, పచ్చ మొలక అరుదు. బయట పది అడుగులలో అడుంబు తీగ, గడ్డి, ఎండ్రకాయల బొరియలు. ఇంకొక ఉదాహరణము టెక్కలి వద్ద తేలినీలాపురములో ఉన్నది. ఏటా శీతకాలమునకు ముందు వచ్చెడి గూడబాతులు, రంగుకొంగలు ఊరి నడుమనున్న చింతచెట్ల మీద గూళ్లు కట్టును. పిల్లల మేతకు మాత్రము చెట్టు లేని నౌపడ తంపరకు ఎగిరిపోవును.